విఠల్ కాకా జొన్నల సీను

1962 ఎండాకాలం, ఆదిలాబాద్. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. మద్రాసులో ఒక సినిమా కంపెనీ కథా విభాగంలో చేరి మూడేళ్లయింది. కథా విభాగం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక గది, రెండు చాపలు, ఒక ఫ్యాను. ఫ్యాను కింద కూర్చునే ఆయన రచయిత. ఫ్యాను గాలి అందీ అందని చోట కూర్చునేవాడు సహాయ రచయిత. నేను గుమ్మంలో కూర్చునేవాణ్ణి, అక్కడ వీధి గాలైనా వస్తుందని.

మా ప్రొడ్యూసరు గారు కుర్రతనంలో బొంబాయిలో ఒక పాత మరాఠీ విషాద నాటకం చూసి వెక్కి వెక్కి ఏడ్చారట. అప్పటినుంచి తెలుగువాళ్లందరినీ ఆ విధంగానే ఏడిపించాలని ఆయన కోరిక. "మరాఠీ వచ్చినవాడెవడైనా ఉన్నాడా మనలో?" అని ఒకరోజు అడిగారు. "మాది ఆదిలాబాదండీ. మా గల్లీలో కుక్కలు కూడా సగం మరాఠీలోనే మొరుగుతాయి" అన్నాను. ఆయన నవ్వారు. పని నాకొచ్చింది. నా ఉద్యోగం మొదటినుంచీ ఇంతే. ముందు జోకు పోయేది, వెనక నేను పోయేవాణ్ణి.

నాటకం కథ చిన్నది. ఒక కోటకు అధిపతి అయిన కిల్లేదారు కొడుకు శత్రువుల్లో కలుస్తాడు. వాడికి కోట తలుపు తెరిచే ప్రసక్తి లేదని తండ్రి అందరి ముందు ఒట్టు పెట్టుకుంటాడు. దిడ్డి తలుపు తాళంచెవి మాత్రం తల్లి నడుముకే ఉంటుంది. మూడో అంకంలో కొడుకు గాయాలతో, ఒంటరిగా, మిట్టమధ్యాహ్నం వచ్చి ఆ దిడ్డి తలుపు కొడతాడు. తల్లి లోపల కూర్చుని ఉంటుంది. తెరవదు. అంతే నాటకం.

అచ్చు పుస్తకం ఎక్కడా దొరకలేదు. ఆ రోజుల్లో నాటక కంపెనీలు పూర్తి పుస్తకం ఎవరి చేతికీ ఇచ్చేవి కావు, పక్క కంపెనీవాళ్లు కాజేస్తారని. పుస్తకం కంపెనీ మాలక్ ట్రంకు పెట్టెలో ఉండేది. నటుడికి తన మాటలు మాత్రమే రాసిన చిన్న నోటుబుక్కు ఇచ్చేవారు. దాన్ని నకల్ అంటారు. అందులో తన మాటకు ముందు అవతలివాడు ఏ రెండు ముక్కలతో ముగిస్తాడో అది ఉంటుంది, అంతకు మించి ఏమీ ఉండదు. అలాంటి నకల్ ఒకటి మా ఊళ్లోనే ఉందని విన్నాను. విఠల్ కాకా దగ్గర.

విఠల్ కాకా ఇరవై ఏళ్లు ఆ కంపెనీలో ఆడవేషాలు కట్టాడు. ఆ తల్లి వేషం ఆయనదే. కంపెనీ మూతబడ్డాక ఆదిలాబాద్ వచ్చి, ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి కాంటా దగ్గర చిట్టీలు రాసే పనిలో కుదిరాడు. నేను పోయేసరికి అప్పుడే మిల్లునుంచి వచ్చినట్టున్నాడు, కనుబొమ్మల నిండా దూది పీచు. ఆ రోజు ఆయన మొహంలో ముసలితనం ఎంతో, పత్తి ఎంతో తెలియలేదు.

"ఎవలు పంపిండ్రు నిన్ను?"

"మద్రాస్ కంపెనీ కాకా. నీ నాటకం సినిమా తీస్తరట."

"సినిమాల ఆడేషం ఆడోళ్లే ఏస్తరు గద?"

"ఔ."

"మరి నాతోని ఏం పని?"

లోపలినుంచి ఆయన భార్య, కాకూ అంటాం, అందుకుంది. "ఎందుకు లేదు పని? సీరె కట్టుడు నేర్పు పో. ఇరవై ఏండ్లు నాకన్న మంచి సీరెలు నువ్వే కడితివి."

నాకు ఆ ఇల్లు ఆ మాటతోనే నచ్చింది.

మూడు వారాలపాటు రోజూ సాయంత్రం పోయేవాణ్ణి. కాకా మొహం కడుక్కుని, చాయ్ తాగి, నకల్ తెరిచేవాడు. తన మాటలు అందులోంచి చదివేవాడు. మిగతా వేషాల మాటలు ఇరవై ఏళ్లు పక్కన నిలబడి విన్నవి కాబట్టి జ్ఞాపకంనుంచి చెప్పేవాడు. జ్ఞాపకం ఎంత గట్టిదంటే, "కిల్లేదార్ వేషగానికి దమ్ము బీమారి ఉండేది. గీడ దగ్గుతడు. రాసుకో" అనేవాడు. నేను దగ్గు కూడా రాసుకున్నాను. మరాఠీలో చెప్తే నేను తెలుగులో రాసి వినిపించాలి. బాగుంటే తల ఊపేవాడు. బాగా లేకపోతే "గిట్ల ఏ తల్లి మాట్లాడ్తదిరా?" అని కాకూని పిలిచేవాడు. ఆమె తీర్పు చెప్పేది. మద్రాసులో సెన్సారువాళ్లు కూడా అంత నిక్కచ్చిగా ఉండరు.

మూడో అంకం వచ్చిన రోజు కాకా నకల్ తెరవలేదు. కాకూతో చాట తెప్పించాడు, అందులో శేరు జొన్నలు పోయించాడు. భుజం మీది తువ్వాల నెత్తిన వేసుకున్నాడు. "నువ్వు తలుపు కొట్టు" అని నన్ను బయటికి పంపబోయి, ఏమనుకున్నాడో, "వద్దు, కూసో, నువ్వు సూడాలె" అని తానే ఎడమచేత్తో నేల మీద మూడుసార్లు కొట్టాడు.

తర్వాత జొన్నలు చెరగడం మొదలుపెట్టాడు.

నేను చూసింది చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఆయన ఏమీ చేయలేదు. చెరుగుతున్నాడు. పొట్టు ఎగురుతోంది, గింజ చాటలోకి తిరిగి వస్తోంది. కొంతసేపటికి తల ఎత్తకుండా, "బయట ఎండ ఉన్నదా?" అన్నాడు. మళ్లీ తలుపు చప్పుడు, ఈసారి కాలి మడమతో కొట్టాడు. చెరగడం ఆగలేదు. ఒక రాయి ఏరి పక్కన పెట్టి, "గీసారి జొన్నల్ల రాళ్లు మస్తున్నయ్" అన్నాడు. మూడోసారి చప్పుడు చాలా మెల్లగా వచ్చింది. ఆ తర్వాత రాలేదు. చాట ఎగురుతూనే ఉంది. చేతులకు తెలిసిన పని చేతులే చేసుకుంటూ పోతున్నాయి. చాలాసేపటికి చాట ఒడిలో దింపి, నడుమునుంచి లేని తాళంచెవి తీసి ముందు పెట్టి అన్నాడు:

"ఇప్పుడు తెరవండి."

నేను ఏడ్చాను. కళ్లు చెమర్చడం కాదు, ముక్కు ఎగబీల్చుకుంటూ ఏడ్చాను. వెంటనే సిగ్గేసింది. నలుగురిలో ఎవరు కళ్లు తుడుచుకున్నా వాళ్ల మీద ఒక మాట విసిరేవాడనే నాకు పేరు. ఇప్పుడు నా మీద నేనే విసురుకోవాలి.

"కంట్లె దూది పడ్డది కాకా" అన్నాను.

"గిది ఇల్లు బిడ్డా, మిల్లు గాదు" అంది కాకూ.

కాకా తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. మనసు మెత్తబడితే నన్ను బాళా అనేవాడు, మరాఠీలో బిడ్డా అని. "నకల్ల ఉన్నయి మూడు మాటలే బాళా. మిగిలిందంత జొన్నలే. అది ఎవలు రాయలే, నేనే ఏసుకున్న. కొడుకు తలుపు కొడుతుంటె అమ్మ చెయ్యి ఏం చేస్తదని నాలుగేండ్లు సోంచాయించిన." తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "సినిమా వేరే ఉంటది, నాకు ఎరుకే. పాటలు పెట్టుకోండ్రి. కిల్లేదార్‌ను పడుసోన్ని చేస్కోండ్రి. గుర్రాలు ఉరికించుకోండ్రి. గా తలుపు మాత్రం తెరవొద్దు. గీ జొన్నల సీను జర కాపాడు. నా తర్వాత ఏసెటోడు లేడు."

"నీ మీద ఒట్టు కాకా. తలుపు తెరవనియ్య" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను. ఇది రాయకపోతే నాకు అన్యాయం జరుగుతుంది. రాస్తే ఇంకా ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

మద్రాసు పోయాక స్టోరీ సిట్టింగ్ పెట్టారు. ప్రొడ్యూసరు, డైరెక్టరు, రచయిత, వాళ్ల వాళ్ల బావమరుదులు ఒక గదిలో కూర్చుని కథ వినడాన్ని స్టోరీ సిట్టింగ్ అంటారు. ఆ రోజు నన్ను ఫ్యాను కిందికి పిలిచారు. మొదటి రెండు అంకాలు చదివాను. బావమరుదులు కూడా మేలుకునే ఉన్నారు. మూడో అంకం పేజీ తిప్పాను. చాట కనబడింది. గొంతులో ఏదో అడ్డం పడింది. ఎనిమిది మంది నా మొహమే చూస్తున్నారు. ఇంకొక్క మాట చదివితే వాళ్ల ముందు ఏడ్చేస్తానని తెలిసిపోయింది.

నేను ఏడవలేదు. లేచి నిలబడి, కండువా నెత్తిన వేసుకుని, నడుము వంచి, బల్ల మీది పళ్లెం చాటలా పట్టుకుని, కాకా గొంతును ఇంకో రెండు మెట్లు పైకి లాగి, మెడ కోడిలా తిప్పి అన్నాను: "ఇప్పుడు తెరవండీ...ఈ...!"

గది నవ్వుతో పగిలింది. బొంబాయిలో వెక్కి వెక్కి ఏడ్చిన ప్రొడ్యూసరు గారు పొట్ట పట్టుకుని పక్కకు ఒరిగిపోయారు.

"ఏవయ్యా నర్సింలూ! ఎవరయ్యా ఆ ముసలాడు? వాణ్ణొదలకు! నాకు కామెడీ ట్రాక్ దొరికిందయ్యా!"

కామెడీ ట్రాక్ అంటే అసలు కథ పక్కన వేరుగా నడిచే నవ్వుల కథ. అసలు కథలో ఎవరైనా చచ్చిపోతుంటే, జనం లేచి బీడీలకు పోకుండా ఇది పట్టి కూర్చోబెడుతుంది. అలా ఒక ముసలి ఆడవేషగాడు పుట్టాడు. కంపెనీ పోయినా చీర వదలడు. చాట పట్టుకుని ఊరంతా తిరుగుతాడు. హోటలు తలుపు మూసి ఉన్నా, పెట్టె మూత మూసి ఉన్నా, "ఇప్పుడు తెరవండీ...ఈ" అంటాడు.

"మరి అసలు సీను?" అని నేను అడిగాను. అడిగానని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను.

డైరెక్టరు గారు సిగరెట్టు వెలిగించుకుని, "తల్లి తలుపు తెరవకపోతే మనం థియేటరు తలుపులు మూసుకోవాలి బాబూ" అన్నారు. తల్లి తెరిచింది. కొడుకు కాళ్ల మీద పడ్డాడు. తండ్రి ఒట్టు గట్టున పెట్టాడు. అందరూ కలిసి పాట పాడారు.

అప్పుడు నేను ఒక్క వాక్యం అనాల్సింది. మాటిచ్చానండీ, అని. ఒప్పుకునేవారు కాదు, అది వేరే సంగతి. నేను ఆ వాక్యం బదులు రెండో జోకు వేశాను. అది మొదటి దానికంటే బాగా పేలింది. పదకొండు రోజుల్లో ట్రాక్ మొత్తం రాశాను. నా చెయ్యి అంత వేగంగా ఎన్నడూ నడవలేదు. హాస్య సన్నివేశాలు అని తెర మీద నా పేరు మొదటిసారి పడింది.

మరుసటి ఏడు సినిమా ఆదిలాబాద్ వచ్చింది. నాకు పని ఉందని నేను రాలేదు. పని ఏమీ లేదు. కాకా ఒక కార్డు రాశాడు. "సినిమా చూసిన. మీ కాకూ గూడ చూసింది. జనం మస్తు నవ్విండ్రు." అంతే ఉంది. నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను. కార్డు మీద మొహం ఉండదు కాబట్టి అది సులువైంది.

ఆ ఏడు గణపతి పండుగకు ఊరొచ్చాను. పొద్దున్నే మిల్లు ముందునుంచి పోతుంటే, గేటు తీయడం ఆలస్యమైనట్టుంది, పనివాళ్లంతా కలిసి అరుస్తున్నారు: "ఇప్పుడు తెరవండీ...ఈ!" ఒక క్షణం, అబద్ధం ఎందుకు, గర్వం వేసింది. రాసినవాడికి తన మాట వీధిలో వినబడటంకంటే ఏం కావాలి? మరుక్షణం గేటు పక్క కాంటా గది కిటికీ చూశాను. కాకా లోపల తల వంచుకుని చిట్టీలు రాస్తున్నాడు.

మిల్లు వెనక గల్లీ గణపతి మండపంలో ఐదో రోజు సాయంత్రం కాకా ఆ సీను వేయడం నేను మద్రాసు పోయిన దగ్గరినుంచి ఏటా ఉండేదే. పది నిమిషాల సీను. చాటలో పోసే జొన్నలు గల్లీ ఆడవాళ్లు ఇంటికో గుప్పెడు తెచ్చేవారు. సీను అయ్యాక ఆ జొన్నలతోనే మర్నాడు గటక వండి అందరికీ పెట్టేవారు. కాకా చెరిగిన జొన్నల్లో రాయి ఉండదని పేరు. నేను రెండో వరసలో కూర్చున్నాను. కాకూ ముందు వరసలో ఆడవాళ్ల మధ్య ఉంది.

కాకా ఆకుపచ్చ చీరలో వచ్చి కూర్చున్నాడు. వెనక ఎవరో కట్టెతో మూడుసార్లు కొట్టారు. చాట లేచింది. "బయట ఎండ ఉన్నదా?" అన్నాడు.

వెనకనుంచి ఒక గొంతు: "ఉన్నది కాకా, ఇప్పుడు తెరవండీ...ఈ!"

నవ్వులు. కాకా చెరుగుతూనే ఉన్నాడు. ఇంకో గొంతు, ఇంకా పైకి. ఇంకా నవ్వులు. నేను లేచి వెనక్కి తిరిగాను.

"ఊకోండ్రిరా! పెద్దమనిషి ఏషం ఏస్తుంటె సిగ్గులేదా?"

మిల్లులో పనిచేసే యువకుడొకడు ఎంతో ప్రేమగా అన్నాడు. "అన్నా, గిది నువ్వు రాసిందే గదనే! సినిమాల నీ పేరు మేమే అందరికి సూపిచ్చినం!" అని పక్కవాళ్లతో, "గీయననేరా, మన నర్సింలన్న!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను నిలబడి ఉన్నాను, చప్పట్లు నాకు పడుతున్నాయి.

వేదిక మీద చాట ఆగింది. కాకా జనాన్ని చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. సినిమా హాల్లో గేటు దగ్గర నిలబడి జనం మొహాలు చూసే మా ప్రొడ్యూసరుకు కూడా వాళ్లకేం కావాలో అంత తొందరగా అంతు పట్టదు. భుజం కొద్దిగా జారింది. నడుము పక్కకు ఒరిగింది. మెడ కోడిలా తిరిగింది. చాట ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు, జొన్నలు జలజలా రాలాయి. సన్నటి గొంతుతో, సినిమాలో హాస్యనటుడు అన్నట్టే, "ఇప్పుడు తెరవండీ...ఈ...!" అంటూ వేదికంతా గంతులు వేశాడు.

మండపం ఊగిపోయింది. మనుషులు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మా హాస్యనటుడు నన్ను చూసి నేర్చుకున్నాడు, నేను కాకాను చూసి చేశాను, ఇప్పుడు కాకా మా ఇద్దరినీ చేస్తున్నాడు. మా ఇద్దరికంటే చాలా బాగా చేస్తున్నాడు. అంత నవ్వులో కాకూ ఒక్కతే లేచి, వేదిక కింద రాలిన జొన్నలు కొంగులోకి ఎత్తుకుంటోంది.

పరదా వెనక్కి పోయాను. కాకా కొబ్బరినూనె రాసి మొహం మీది రంగు తుడుస్తున్నాడు.

"మాఫ్ చెయ్యి కాకా."

"ఎందుకురా? జనం ఏం అడుగుతె గది ఇయ్యాలె. కంపెనీల మాకు గదే నేర్పిండ్రు. నవ్వుదామని వచ్చినోన్ని ఏడిపిస్తె చెప్పు ఇసుర్తడు." అద్దంలో తన మెడ చూసుకున్నాడు. "గీ మెడ తిప్పుడు నువ్వు పెట్టిందేనా?"

"ఔ కాకా."

"నేను ఎన్నడు తిప్పలే. గాని మంచిగుంది. పనితనం ఉన్నది నీ దగ్గర."

నన్ను తిట్టిన మాటలు చాలా మర్చిపోయాను. ఈ మెచ్చుకోలు మర్చిపోలేదు.

రెండు రోజుల తర్వాత కొత్త నోటుబుక్కు పట్టుకుని వాళ్లింటికి పోయాను. "గా సీను ఇంకోసారి చెయ్యి కాకా. సినిమాకు గాదు. చెయ్యి ఎక్కడ ఆగుతది, ఎంతసేపు ఆగుతది, అన్ని రాసుకుంట" అన్నాను. నిజం ఏమిటంటే, మొదటిసారి నేను రాసుకున్నవి మూడు మాటలే. వాటి మధ్య ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు. నేను కళ్లు తుడుచుకునే తొందరలో ఉన్నాను.

కాకా కాదనలేదు. చాట తెచ్చుకున్నాడు. నేల మీద మూడుసార్లు కొట్టి చెరగడం మొదలుపెట్టాడు. మొదటి మాట సరిగ్గానే వచ్చింది. రెండో చప్పుడుకు మెడ తిరిగింది. ఆగి, మొదటినుంచి ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే తిరిగింది. మూడోసారి ఎడమచేత్తో తన మెడ పట్టుకుని చెరగాలని చూశాడు. ఒంటి చేత్తో చాట నిలవలేదు.

చాట గోడకు ఆనించి, "యాద్ లేదు బాళా" అన్నాడు.

"ఆయనకు యాద్ లేకేం" అంది కాకూ వంటింటి గడపలోంచి, నా మొహం చూడకుండానే. "నీ బొమ్మ అడ్డం వస్తున్నది."

ఇది జరిగి ఐదేళ్లు. నేనిప్పుడు ఫ్యానుకు కొంచెం దగ్గరగా కూర్చుంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు అడుగుతుంటారు, రంగస్థలం మీది విషాదాన్ని తెరకు మార్చడంలో కష్టం ఎక్కడుంటుందని. నిడివి తగ్గించడం, పాట ఇరికించడం నేర్పగలను. వాటికి లెక్కలున్నాయి. నేర్పలేనిది ఒకటుంది. కథ వింటున్నప్పుడు ఎక్కడో ఒకచోట మన గొంతు పట్టేస్తుంది. ఆ చోటును నలుగురి ముందు గొంతు పట్టేస్తూనే చదవాలి. వాళ్లు నవ్వవచ్చు, సీను తీసేయనూవచ్చు. అది వాళ్ల పాపం. మనం ముందే నవ్వించేస్తే ఆ పాపంలో వాళ్లకు వాటా కూడా మిగలదు.

నాకు అప్పుడు తెలియదు. ఎనిమిది మంది ముందు ఏడవడానికి సిగ్గుపడ్డాను.